ఎన్నాళ్ళకోసారి

చేతులు కాలకముందే
ఆకులెక్కడున్నాయో రాసిపెట్టడం నా ఉద్యోగం.
పుంతా అరేనాస్‌లో, ఆసుపత్రి నేలమాళిగలో,
బాయిలర్ గదికి ఆనుకుని నా బల్ల.
పైన గాలి.
ఈ ఊళ్ళో గాలి ముదిరిన రోజున వీధి పక్కన తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.

సాఫ్ట్‌వేర్ ఒక్కో యంత్రానికీ అవే ప్రశ్నలడుగుతుంది:
పేరు? ఏ అంతస్తు?
ఎన్నాళ్ళకోసారి?
రోజుల్లోనా, నెలల్లోనా, తిరిగిన గంటల్లోనా?
ఖాళీగా వదిలితే గడి ఎర్రబడుతుంది.

రెమీహియోని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను.
చిలోయె దీవి మనిషి. ముప్పైయొక్కేళ్ళుగా
ఈ భవనం నాడి పట్టుకుని ఉన్నాడు.
"నాలుగో ఫ్యాన్ బెల్టు ఎన్నాళ్ళకోసారి మారుస్తావు?"
"సణగడం మొదలెట్టినప్పుడు."
"సణుగుడు అనే ఆప్షన్ లేదు, రెమీహియో."
"అయితే ఆర్నెల్లు రాయి.
నేను మాత్రం ఐదో నెలలో వెళ్ళి వింటా."

మొదలయ్యే తేదీ అన్న గడి దగ్గర
అలిసిపోయి, అన్నిటికీ ఒకటే పెట్టాను. జూలై ఒకటి.
ఆ తెల్లవారి ప్రింటర్ ఆగలేదు.
నాలుగు వందల పన్నెండు పని చీటీలు:
పంపులూ, వాల్వులూ, లిఫ్టు తలుపులూ, శవాగారం ఫ్రిజ్జూ,
అన్నీ ఒకేసారి, ఆరుగురి నెత్తిన.
రెమీహియో ఆ కట్టని తూకం వేసినట్టు ఎత్తి చూశాడు.
"యస్నా, ఏడాదంతా వీచాల్సిన గాలిని
ఒక్క పూటలో వదిలావు."
నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
తర్వాత తొమ్మిది రోజులు
అతను వాళ్ళ దీవిలో దుంపలు నాటే ఎడం చెబుతుంటే
నేను వారాల మీద చీటీలు నాటుకుంటూ పోయాను.

జనరేటర్ దగ్గర మాత్రం అడక్కుండానే చెప్పాడు.
"ప్రతి గురువారం. అరగంట. లోడు మీద.
ఉత్తినే తిప్పితే లెక్కలోకి రాదు."
అంత తరచుగా ఎందుకన్నాను.
చాలాసేపు టోపీ అంచు నలిపాడు.
"తొంభై ఎనిమిదిలో పదకొండు నిమిషాలు కరెంటు లేదు.
పైన నర్సు ఇంత పసికందుకి
గాలి సంచి చేత్తో నొక్కుతోంది, పైకి లెక్కపెడుతూ.
ఇక్కడ నేను బ్యాటరీ కొసల మీద తుప్పు గోకుతున్నాను.
మూడంతస్తుల కింద ఆ అంకెలు వినబడవు.
నాకు వినబడ్డాయి."
"పాప?"
"రేవులో టికెట్లు అమ్ముతోంది.
నన్ను గుర్తుపట్టదు. ఎందుకు పడుతుంది?"

కారణం అన్న గడిలో నలభై అక్షరాలకే చోటు.
తయారీదారు సూచన, అని రాశాను.

బాధ్యులెవరు?
పేరొద్దు, హోదా రాయమంటుంది.
రెమీహియో అని కొట్టి, చెరిపి,
టెక్నీషియన్-2 అని కొట్టాను.
భుజం మీదుగా చూస్తూనే ఉన్నాడు.
"మంచిది. వాడికి మోకాళ్ళ నొప్పులుండవు."
మార్చిలో అతని రిటైర్మెంటు.

గురువారం పదింటికి కావాలనే కరెంటు తీశాం.
లైట్లు ఒక్కసారి రెప్ప కొట్టాయి.
మూడో అంతస్తులో నర్సు
పాలసీసా వేడి మణికట్టు మీద చూసుకుంటూ
తల కూడా ఎత్తలేదు.
ఏం జరిగింది అన్న చోట
ఏమీ జరగలేదు అని రాశాను.
తర్వాతి తేదీ దానంతటదే వచ్చి కూర్చుంది.

ఇప్పుడు మే నెల. టెక్నీషియన్-2 కుర్రాడు,
చెవుల్లో పాటలు పెట్టుకుని తిరుగుతాడు, పని మాత్రం శుభ్రం.
నాలుగో ఫ్యాన్ చీటీ రావడానికి ఇంకా నెలుంది.
అయినా నిచ్చెనెక్కాను.
రేకు చల్లగా తగిలింది చెంపకి.
పైకప్పు మీద గాలి, లోపల బెల్టు,
ఏది ఏదో విడదీయడానికి కాసేపు పట్టింది.

ఇంకా సణగడం లేదు.
అనుకుంటా.